స్కేలమ్మ లెక్క

రేవులో ఆమెను అందరూ స్కేలమ్మ అనేవారు. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే కొలబద్ద పట్టుకుని, ఒడ్డుకు దిగిన చేపల పొడవు కొలిచి, వాటి వయసు అంచనా కట్టి, సముద్రంలో ఇంకెన్ని మిగిలాయో లెక్క తేల్చడం ఆమె ఉద్యోగం. ఆ ఏడాది లెక్క కటువుగా తేలింది. గుడ్లు పెట్టే పెద్ద చేపలు ఒకప్పటిలో మూడో వంతే ఉన్నాయి, వేట సగానికి తగ్గించాలి.

ఆ మాట బయటికి పొక్కిన మర్నాడే ఆమె స్కూటరు సీటు మీద ఎవరో చేప పేగులు కుమ్మరించారు. ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీ ఆమెను చూసి కాండ్రించి ఉమ్మాడు. వాటికి ఓర్చుకుంది. పడవ నడిపే సొంత అన్న ఆఫీసు గుమ్మంలో నిలబడి అరిచినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

“చేపల్లేవని ఎవరు చెప్పారే నీకు? ఆ కంప్యూటరా? అదెప్పుడైనా సముద్రం మొహం చూసిందా? రేపు నా పడవెక్కు. కళ్లారా చూసి ఆ కాగితం చింపెయ్.”

ఎక్కింది. పడవలో ఆమెకు మంచినీళ్లిచ్చిన వాళ్లు లేరు. ఏడు గంటలు పోయాక వల వేశారు. లాగితే నిండా మూరెడేసి చేపలు.

“ఇప్పుడేమంటావ్?”

“నాన్న వల ఎక్కడ వేసేవాడు?”

“లైట్‌హౌస్ దాటకుండానే. అయితే?”

“మరి నువ్వు ఏడు గంటలు ఎందుకొచ్చావ్ అన్నయ్యా?”

ఆయన మొహం మాడిపోయింది. “దిగేదాకా నోర్మూసుకుని ఆ మూల కూర్చో.”

తన తప్పు ఆమెకు అక్కడే తెలిసింది. ఇన్నాళ్లూ వలకు ఎన్ని పడ్డాయో చూసింది గానీ, అందుకోసం ఎంత దూరం పోయారో లెక్కలో వేయలేదు. మిగిలిన చేపలన్నీ ఒకే చోట గుంపు కడితే అక్కడ వల నిండుతూనే ఉంటుంది. ప్రయాణ గంటలు కూడా చేర్చి మళ్లీ లెక్కగట్టింది. మూడో వంతు కాస్తా ఐదో వంతయింది.

“పాత అంకెకే కొట్టేట్టున్నారు. అదే ఉంచమ్మా,” అన్నాడు పై అధికారి.

“అది తప్పు సార్.”

కొత్త లెక్కే పైకి వెళ్లింది. మిగిలిన చేపలు గుంపు కట్టింది అక్కడే గనక, అన్న చూపించిన ఆ చోట ప్రభుత్వం వేట పూర్తిగా ఆపేసింది. “చెల్లెలని పడవెక్కించుకుంటే గొంతు కోసింది,” అని ఆయన రేవంతా చెప్పుకు తిరిగాడు.

మూడో ఏడు ఒడ్డుకు దగ్గర్లోనే పిల్లచేపలు కనబడసాగాయి. ఆ సంగతి చెబుదామని ఆమె అన్న ఇంటికి వెళ్లింది. వదిన తలుపు సగమే తీసింది.

“ఆయన లేరు.”

లోపల అన్న దగ్గు వినిపిస్తూనే ఉంది.