తల్లి ఎలుగు గొంతు

నా చిన్నప్పుడు నేను నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. మూగదాన్నేం కాదు, గొంతే మోటు. ఎప్పుడో జబ్బు చేసి బొంగురుపోయింది, మళ్ళీ బాగుపడలేదు. బెంగాల్లో గార్డెన్ రీచ్ ఓడరేవు కూలీల క్వార్టర్లలో, మా తెలుగువాళ్ళ లైనులో పిల్లలందరూ నన్ను కాకి అనేవాళ్ళు. బళ్ళో పేరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకునేదాన్ని. ఆ బడి కూడా ఎన్నాళ్ళో సాగలేదు.

మా మేనత్త ఒక డాక్ ఆఫీసరుగారింట్లో పాచిపని చేసేది. వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళై వదిలేసిన పాత బొమ్మల సినిమా కేసెట్ ఒకటి తెచ్చింది. మంచుదేశంలో ఒక ఎలుగుపిల్ల, దాని తల్లి. మంచుగడ్డ విరిగి పిల్ల నీళ్ళలో కొట్టుకుపోతుంటే, తల్లి ఒడ్డు వెంట అరుస్తూ పరిగెడుతుంది. మాటలన్నీ ఇంగ్లీషు. లైనులో ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు, అయినా ఆడవాళ్ళందరం ఏడ్చాం. అద్దె టీవీలో చూసింది ఒక్కసారే. తరవాత ఆ కేసెట్ ఎక్కడ పడిందో ఎవరికీ తెలియలేదు.

నాకు మాత్రం ఆ తల్లి కళ్ళముందునుంచి పోలేదు. కుళాయి దగ్గర గిన్నెలు తోముతూ, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, దాని మాటలు మన తెలుగులో నేనే చెప్పుకునేదాన్ని. గోడ అవతల మా అత్త వింటోందని నాకేం తెలుసు?

రెండు వానాకాలాలు పోయాక ట్రంకుపెట్టె అడుగున, పాత చీరల కింద కేసెట్ దొరికింది. రీలు అంచంతా తెల్లటి బూజు. అత్త దాన్ని నీడన ఆరబెట్టి, మెత్తటి గుడ్డతో ఓపిగ్గా తుడిచింది. విశ్వకర్మ పూజకి డాక్ మనుషులు టీవీ, వీసీఆర్ అద్దెకు తెస్తే, భోజనాలయ్యాక తనే దగ్గరుండి పెట్టించింది.

బొమ్మ వచ్చింది. మాట రాలేదు.

"మూగబొమ్మ ఏటి సూత్తాం? తీసెయ్యండి," అన్నాడు మా మావ. జనం లేవబోయారు. అద్దె వీసీఆర్ పొద్దుగూకేసరికి వెళ్ళిపోతుంది, మళ్ళీ నా ఎలుగుని ఎప్పుడు చూస్తాను?

టీవీకి ఆనుకుని కూర్చున్న అత్త నా వైపు తిరిగింది. "మాటలు దీనికొచ్చు. ఏటే, కుళాయి కాడ సెప్తావు గదా, ఇక్కడ సెప్పలేవా?"

"కాకి సెప్తాదంట!" అని పిల్లలు ఇకిలించారు.

"నవ్వినోడు బయటికి పోండి," అంది అత్త.

అంతలో తెర మీద మంచుగడ్డ పగిలింది. పిల్ల దూరమైపోతోంది. తల్లి నోరు తెరిచింది, చప్పుడు లేదు. ఇంక ఆగలేకపోయాను.

"ఓలమ్మో, నా బిడ్డో! నా దిక్కే సూడు! గడ్డ వొదలకు, నానొత్తన్నాను!"

నా మోటుగొంతు ఆ ఎలుగుకి పుట్టుకతో ఉన్నట్టే అతికింది. లేచినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే కూలబడ్డారు. అది పరిగెడితే నేను రొప్పాను, అది నీళ్ళలో దూకితే నేను ఊపిరి బిగపట్టాను.

సగంలో, టీవీ తెచ్చిన బెంగాలీ దాదా ఎందుకో సౌండు నాబు తిప్పాడు. ఇల్లదిరేలా ఇంగ్లీషు మోగింది. మాట ఎక్కడికీ పోలేదు, ఎవరో నాబుని అడుగుకంటా తిప్పేశారంతే. అందరం అత్త వైపు చూశాం. అత్త తనేమీ ఎరగనట్టు పమిట సర్దుకుంటోంది.

నా పని అయిపోయిందనుకుని నోరు మూసేశాను. అప్పుడు తీసెయ్యమన్న మా మావే గట్టిగా కేకేశాడు. "దాదా, బంద్ కరో! ఆ ఇంగిలీసు ఎవులిక్కావాల? గుంటని సెప్పనియ్యండి!"

"సెప్పే, సెప్పు!" అంటూ నవ్విన పిల్లలే మోకాళ్ళ మీద ముందుకు జరిగారు. దాదా నవ్వి, "బోలో మా, బోలో," అని సౌండు తగ్గించేశాడు. తల్లీబిడ్డా కలిసేదాకా చెప్పాను. చప్పట్లు వీధి చివరిదాకా వినిపించాయట.

ఏళ్ళు గడిచి, మా ఆయన పోయాక డాక్ క్వార్టరు ఖాళీ చెయ్యమని మనుషులొచ్చారు. వాళ్ళ చేతిలో కాగితం నేను చదవలేను. గుమ్మంలో నిలబడి ఆ మోటుగొంతుతోనే గట్టిగా మాట్లాడాను. లైనంతా బయటికొచ్చి నా వెనక నిలబడింది, వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోయారు. ఎవరు మీదికొచ్చినా ఇప్పటికీ నాది అదే తీరు. సరైన మాట కోసం తరవాత వెతుక్కుంటాను, ముందు గొంతెత్తుతాను.