మామిడిపెట్టెల మీద విజిలు

మొన్న సాయంత్రం టీవీలో క్రికెట్టు చూస్తూ మా ఆయన అంపైరుని తిట్టిన తిట్లు వింటే, వీధిలో పోయేవాళ్ళు మా ఇంట్లో ఏదో ఆస్తి తగాదా అనుకుని ఉంటారు. బంతి బ్యాటుకి తగిలిందా లేదా అని తెరమీద అటునుంచీ ఇటునుంచీ, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా చూపిస్తూనే ఉన్నారు, ఈయన నమ్మరు. అంతా దొంగలే అంటారు. బీపీ మాత్రలు మింగే మనిషికి ఎందుకండీ ఈ గోల అంటే నా మీదకే లేచారు. నవ్వుకుంటూ వంటింట్లోకి వచ్చి కాఫీకి పాలు పెట్టాను గానీ, నా మనసు మాత్రం ఎనభైల్లోని ఒక ఎండాకాలానికి, నూజివీడు వాలీబాలు కోర్టు దగ్గరికి పోయి కూర్చుంది.

అప్పటికి నేను జి. కొండూరు నుంచి కాపురానికొచ్చి ఏడాది కాలేదు. మా అత్తవారిది మామిడికాయల వ్యాపారం. కోతలు సద్దుమణిగే రోజుల్లో కొట్లవాళ్ళూ తోటలవాళ్ళూ కలిసి వాలీబాలు పోటీలు పెట్టుకునేవారు. మీలో ఆ వైపువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, క్రికెట్టు రేడియోలో వినేదే గానీ మావాళ్ళు ఆడేది మాత్రం వాలీబాలే. సున్నంతో గీతలు గీసి, చుట్టూ బోర్లించిన గంపల మీద జనం కూర్చుని, రసాలు జుర్రుకుంటూ కేకలు వేస్తుంటే ఆ సందడే వేరు. మా జట్టుకి స్మాషరు మా ఆయన. ఆయన గాల్లోకి లేస్తే, కొత్త కోడలిని కదా, ఎవరేమనుకుంటారోనని కొంగు అడ్డం పెట్టుకుని మరీ చూసేదాన్ని.

ఆ ఏడు ఫైనలు బాపులపాడు జట్టుతో. రావలసిన అంపైరు హనుమాన్ జంక్షన్‌లో బస్సు దొరక్క ఆగిపోయాడు. మా చెల్లెలుంది కదండీ అని మా ఆయనే అన్నారు. మా ఆడపడుచు ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు, ఆటల రూల్సన్నీ నోటికొచ్చు. పెద్ద ఆటకి ఒక్కసారైనా విజిలు పట్టుకోవాలని తన ఆశ, నాతో ఒక్కదానితోనే చెప్పుకునేది. మగాళ్ళ ఆటకి ఆడపిల్ల విజిలు ఊదడమేంటని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. అన్న ఆడుతుంటే చెల్లెలు అంపైరైతే ఇంకేం ఆటండీ అని బాపులపాడు వాళ్ళు గొణిగారు గానీ, వేరే దారిలేక సరేనన్నారు. కాయలు ఎగుమతి చేసే చెక్కపెట్టెలు ఒకదానిమీదొకటి పేర్చి నెట్టు పక్కన పెడితే, కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఎక్కి నిలబడింది.

ఆఖరి సెట్టు. అప్పట్లో సర్వీసు చేసే జట్టుకే పాయింటు. సర్వీసు మాది, ఇంకొక్క పాయింటు వస్తే కప్పూ మాదే. మా ఆయన లేచి ఒక్క చరుపు చరిస్తే బంతి అవతలి కోర్టు నడిమధ్య పడి దుమ్ము లేచింది. జనం గంపల మీంచి లేచిపోయారు. అంతలో విజిలు మోగింది. కొట్టినప్పుడు చెయ్యి నెట్టుకి తగిలింది, పాయింటు లేదు, సర్వీసు బాపులపాడుకి అని తను చెయ్యి చాచి చూపించింది.

ఇక చూడండి గోల! నెట్టు కదలనైనా లేదు, ఇంతమందికీ కనపడనిది ఈవిడ కంటికే కనపడిందా అని ఒకటే అరుపులు. ఆడదానికి విజిలిస్తే ఇంతేనయ్యా అన్నాడొకాయన. తింటున్న టెంకలు విసిరారు, ఒకటి తన భుజానికి తగిలి గంజి పెట్టిన చీర మీద రసం కారింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? కొంగు సంగతి మర్చిపోయి, సొంత అన్నకే ఇంత అన్యాయమా, ఇంటికి రానీ దీని సంగతి చెప్తాను అని పళ్ళు కొరుక్కున్నాను. తను దిగలేదు. భుజం తుడుచుకోలేదు. చాచిన చెయ్యి బాపులపాడు వైపే ఉంది. పెట్టెలు లాగేద్దామని ఇద్దరు ముందుకి ఉరికేసరికి నా కోపం కాస్తా భయమైపోయింది.

అప్పుడు మా ఆయన బంతి తీసుకుని, నెట్టు కింద నుంచి అవతలివాళ్ళకి ఇచ్చేశారు. "తగిలిందిరా. సర్వీసు వాళ్ళది" అన్నారు. ఆడినవాడే తగిలిందంటే ఇంకెవరేమంటారు? గోల చల్లారిపోయింది. ఆ తరవాత బాపులపాడు వాళ్ళు వరసగా పాయింట్లు కొట్టి కప్పు పట్టుకెళ్ళారు. వెళ్ళేముందు వాళ్ళ కెప్టెను మా ఆడపడుచు దగ్గరికొచ్చి, వచ్చే ఏడు మా ఊరి పోటీలకి మీరే రావాలండీ అని దణ్ణం పెట్టాడు.

అసలు సంగతి ఇంటికొచ్చాక. నేను చారు వడ్డిస్తుంటే మా ఆయన తలెత్తకుండా, "నిజంగా తగిలిందా అమ్మాయ్? నాకైతే తెలియలేదు" అన్నారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"తగలకపోతే ఊదుతానా అన్నయ్యా?"

"అదే, నువ్వు ఊదావంటే తగిలే ఉంటుందని అలా అన్నాను" అని ఆయన అన్నం కలుపుకున్నారు. అంత జనానికి ఎదురు నిలబడ్డ ఆ పిల్లని చూసి ఆశ్చర్యపోవాలో, తన చేతికే తెలియనిదాన్ని చెల్లెలి కంటి మీద నమ్మకంతో ఒప్పేసుకున్న ఈయన్ని చూసి ఆశ్చర్యపోవాలో తెలియలేదు. పళ్ళు కొరుక్కున్న నేనే ఇద్దరికీ ఇంకాస్త చారు పోశాను.

ఆ తరవాత తను ఎన్ని ఊళ్ళలో విజిలు ఊదిందో. తను పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మైదానం చుట్టూ కెమెరాలే, అయినా ఒక్కరికీ ఒక్కరి మాట మీద నమ్మకం లేదు, మా ఇంటాయనతో సహా.

కాఫీ పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళేసరికి ఇంకా అదే బంతిని తిప్పి తిప్పి చూపిస్తున్నారు. ఈయన తిట్టడం మానేసి తెరవైపే చూస్తున్నారు. "ఇన్నిసార్లు చూపించినా నాకు తెలియట్లేదే. చెల్లెలుంటే ఒక్కసారి చూసి చెప్పేది" అన్నారు. ఆయనేమన్నా ఎదురు చెప్పడం నాకు మొదట్నుంచీ అలవాటు. ఆ మాటకి మాత్రం టీవీ కట్టేసి పక్కన కూర్చున్నాను.