సాబేరా కోసం కట్టిన రెండు గదులు

అల్ ఖోబర్‌లోని ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో దస్తగిరి ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. ప్రొద్దుటూరు దూదేకుల కుటుంబం. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివి, పెళ్లయిన కొత్తలో సౌదీకి వచ్చి, ఆ ఆఫీసులోనే తల నెరిసిపోయినవాడు. వచ్చేవాళ్లకు పెద్ద విల్లాలు కావాలి, వీధి వైపు నిలువెత్తు అద్దాలు కావాలి. గృహప్రవేశమైన ఏడాదిలోపే ఆ అద్దాలకు లోపల మందపాటి పరదాలు, బయట ఇనుప షట్టర్లు పడేవి. పక్కింటి మేడ మీదికి తమ ఇంటి ఆడవాళ్లు కనబడుతున్నారని ప్రహరీల మీద రేకులు లేచేవి. పట్టపగలు లైట్లు వేసుకుని బతికే ఇళ్లు. ఇవి వద్దని దస్తగిరి మొదట్లో చెప్పి చూశాడు. ఎవరూ వినలేదు. రెండోసారి చెప్పే స్వభావం అతనిది కాదు.

రెండోసారి, మూడోసారి చెప్పే స్వభావం సాబేరాది. ఆమె అతని భార్య, మేనత్త మదార్‌బీ కూతురు. ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు. ఆమె గొంతు పక్క క్లాసు పిల్లలకు కూడా పాఠం చెప్పేదని తోటి టీచర్లు నవ్వుకునేవాళ్లు. పిల్లలు లేరు. ఆ దిగులు వాళ్లకు ఒకప్పుడు ఉండేది, తర్వాత తగ్గింది. సాయంత్రం సముద్రం ఒడ్డున ఇద్దరూ నడిచేవాళ్లు. ఆమె మాట్లాడుతుంటే అతను వినేవాడు. వాళ్ల కాపురం అంతా దాదాపు అలాగే గడిచింది.

ఒకరోజు క్లాసులో బోర్డు మీద రాస్తుంటే ఆమె చేతిలోంచి పెన్ను జారింది. నీరసమనుకుంది. తర్వాత చొక్కా గుండీలు పట్టు చిక్కలేదు. ఆ వేసవిలో కుడికాలు ఈడ్చడం మొదలైంది. పరీక్షలన్నీ చేశాక, ఇది కండరాలకు నరాల కబురు అందకుండా పోయే జబ్బనీ, మందు లేదనీ డాక్టర్లు చెప్పారు. ముందు చేతులు, కాళ్లు, తర్వాత మాట, మింగడం, చివరికి ఊపిరి.

"తెలివి మాత్రం ఆఖరుదాకా చెక్కుచెదరదు," అన్నాడు డాక్టరు ధైర్యం చెబుతున్నట్టు. ఆ మాటే వాళ్లిద్దరినీ ఎక్కువ భయపెట్టింది.

వాళ్లుండేది లిఫ్టు లేని పాత బిల్డింగులో మూడో అంతస్తు. కొన్నాళ్లకు సాబేరా మెట్లు దిగడం మానేసింది.

"ఊరికి పోదామా?" అని అడిగాడు దస్తగిరి.

"పోతే ఏమైతాదో నీకు తెల్దా బావా? వీధి వీధంతా చూడ్డానికొస్తారు. నా కాళ్లు పట్టుకోని ఏడుస్తారు. ఇంగ నేను వాళ్లను ఓదార్చల్ల. నాకు ఊరొద్దు. ఎవురూ రాని చోట ఉంటా."

ఆఫీసు యజమాని అబూ నాసిర్ దస్తగిరికి కఫీలు కూడా, అంటే అతని వీసాకు పూచీదారు. ముసలాయన. సంగతి ఆయన చెవిన పడింది. మర్నాడు కారెక్కించుకుని పాత పేటలోని తన పెద్దల ఇంటికి తీసుకెళ్లాడు. ముందున్న ఇల్లు ఏళ్లుగా తాళం వేసి ఉంది. వెనక డ్రైవరు కోసం కట్టిన ఒక గది, సామాన్ల కొట్టు, వాటి ముందు ఖాళీ జాగా, ఒక మూల ముళ్ల చెట్టు.

"నీకు ఎట్లా కావాలంటే అట్లా పడగొట్టి కట్టుకో. మునిసిపాలిటీ అనుమతి నేను చూసుకుంటా. మీకు అవసరం ఉన్నన్నాళ్లూ ఇది మీదే," అన్నాడు ఆయన అరబ్బీలో.

అంతకాలమూ పెద్ద ఇళ్లు గీసిన మనిషికి ఆ రెండు గదులు గీయడం కష్టమైంది. గీసిన కాగితాలన్నీ సాబేరా ముందు పరిచాడు.

"ఏం కావాలో చెప్పు."

"నేను ఎవురికీ కనపడగూడదు. నాకు మాత్రం మనుషులు కనపడల్ల," అంది ఆమె.

పడమటి ఎండ ఆ ఊళ్లో గోడల్ని రాత్రిదాకా కాలుస్తుంది. అందుకని పడమర పక్క స్నానాల గది, బీరువాలు పెట్టి, గోడ రెండు వరసలు లేపాడు. దుమ్ముగాలి వచ్చే వాయవ్యం వైపు కిటికీయే లేదు. దక్షిణాన ఖాళీ జాగా వైపు పొడవాటి కిటికీ, దాని మీద బాగా ముందుకు వచ్చిన సజ్జా. వేసవిలో నడినెత్తికెక్కే సూర్యుడు లోపలికి రాడు, చలికాలంలో కిందికి దిగిన సూర్యుడు గదిలో సగందాకా వచ్చి పడతాడు. తూర్పున వీధి వైపు గోడలో సిమెంటు జాలీ పెట్టాడు. అవతలి మనిషికి గోడే కనిపిస్తుంది. ఇవతల కుర్చీలో కూర్చున్న మనిషికి బకాలా అనే కిరాణా కొట్టు, అక్కడ పెప్సీ తాగే కుర్రాళ్లు, మసీదుకు పోయే ముసలివాళ్లు కనిపిస్తారు. ఆ ఎత్తు కోసం దస్తగిరి తానే చక్రాల కుర్చీలో కూర్చుని పెన్సిలుతో గోడ మీద గీత పెట్టాడు. గడపలు తీసేశాడు. నడవా అక్కర్లేదన్నాడు. వంటగట్టు దగ్గరున్నా, బల్ల దగ్గరున్నా, తను ఎక్కడున్నా ఆమె మంచం కనబడాలి. అందుకని రెండు గదుల మధ్య గోడ కూడా లేకుండా చేశాడు.

ఎండలు తగ్గాక అందులోకి మారారు. కుర్చీని జాగాలోకి తోసుకెళితే సాబేరా ముళ్ల చెట్టును చూసి, "ఇది రేగుచెట్టే బావా. మన రేగే. ఈళ్లు సిద్ర్ అంటారు గానీ," అంది. ఆ చలికాలమంతా ఆమె జాలీ దగ్గరే కూర్చుంది. బకాలా కొట్టు మలయాళీ ఎవరికి అరువిస్తాడో, ఎవరికి ఇవ్వడో సాయంత్రం దస్తగిరి రాగానే చెప్పేది. అప్పటికే మాట కాస్త ముద్దగా వచ్చేది. అయినా ఆ ఇంట్లో నవ్వు వినబడిన రోజులు అవే.

మరుసటి వేసవికి ఆమెకు స్నానం చేయించడం, తినిపించడం అతని వల్ల కాలేదు. మదార్‌బీ విజిట్ వీసా మీద వచ్చింది. వచ్చిన కొద్దిరోజులకు సాబేరా అన్నం వద్దనడం మొదలుపెట్టింది. నోరు గట్టిగా మూసుకునేది. దస్తగిరి బతిమాలాడు. చివరికి విసుక్కున్నాడు.

మదార్‌బీ అతన్ని బయటికి పిలిచి, "నాయనా, దానికి అన్నం మీద కోపం కాదు. నిన్న నాకు చెప్పింది. నీకు చెప్పలేకపోతాంది," అంది.

"ఏం చెప్పింది అత్తా?"

"నువ్వే అడుగు."

అతను లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు.  సాబేరా ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది:

"ఈ ఇంట్లో నాకు మరుగు లేదు బావా. యాడున్నా నువ్వు నన్ను చూస్తానే ఉంటావు. నాకు ఏడుపొచ్చినా నీ మొగం చూసి మింగుతాండా. కొంచేపు ఎవురూ చూడకుండా ఏడ్చుకునేకి... నాకు ఒక గోడ కావల్ల."

 వీధి నుంచి, పక్క మేడల నుంచి, ఊరివాళ్ల నుంచి ఆమెను దాచాడు గానీ తన నుంచి కూడా దాచాలని దస్తగిరికి తోచనే లేదు. మనసు చివుక్కుమంది. రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు తనే ఇటుకలు తెప్పించి మంచానికీ బల్లకూ మధ్య అడ్డుగోడ పెట్టించాడు. తలుపు చోట గుడ్డ తెర. ఆమె చేతి కింద ఏ కాస్త వేలు కదిపినా మోగే చిన్న గంట. ఆ సాయంత్రం తెర వెనకనుంచి సాబేరా ఏడుపు వినబడింది. దస్తగిరి లేవబోతే మదార్‌బీ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మర్నాడు సాబేరా అన్నం తింది.

ఆ తర్వాత జబ్బు త్వరపడింది. శీతాకాలం మొదలయ్యేసరికి కుర్చీలో కూర్చోవడం కుదరలేదు. మాట పూర్తిగా పోయింది. దస్తగిరి ఒక అట్ట మీద అక్షరాలు పెద్దగా రాసి వేలితో చూపిస్తూ పోతే, కావలసిన అక్షరం దగ్గర ఆమె కళ్లు మూసేది. గుణింతాలు వదిలేసి ఉత్త హల్లులతో, ఒకటి రెండు అచ్చులతో సరిపెట్టుకునేవాళ్లు. మిగతాది అతను ఊహించేవాడు. ఒక మాటకు చాలాసేపు పట్టేది, ఆమె అలిసిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతుంటే అతను అట్ట తెచ్చాడు. 'ఎ' దగ్గర కళ్లు మూసింది. తర్వాత 'డ' దగ్గర.

"ఏడుపా? ఏడుపొస్తాందా?" అంటూ అతను తుడిచాడు. ఆమె కళ్లు తెరవలేదు. ఏడ్చుకోనీయాలని తెర దించి వెళ్లిపోయాడు. గంట మోగలేదు. అప్పటికి ఆ వేలు కూడా కదలడం లేదు.

కొన్ని వారాలకు ఛాతీలో నెమ్ము చేరి ఆమెను ఆసుపత్రిలో పెట్టారు. మదార్‌బీ రాత్రీ పగలూ అక్కడే ఉంది. బట్టల కోసం ఇంటికొచ్చిన దస్తగిరి నిద్ర లేక తూలిపోతూ సాబేరా మంచం మీదే వాలాడు. ఆమె పడుకున్నట్టే వెల్లకిలా పడుకున్నాడు. దక్షిణం కిటికీలోంచి చలికాలపు ఎండ నేరుగా వచ్చి అతని కళ్లలో గుచ్చుకుంది. మొహం తిప్పుకోబోయాడు. తిప్పుకోవడం ఆమెకు రాదని అప్పుడు గుర్తొచ్చింది. తిప్పకుండా అలాగే ఉన్నాడు. కళ్లు మూసినా రెప్పల వెనక ఎర్రగా మండింది. నీళ్లు కారాయి. 'ఎ', 'డ'. సున్నా ఆ అట్ట మీద లేదు. ఆమె చెప్పింది ఏడుపు కాదు, ఎండ.

ఎంతో ఇష్టంగా తెచ్చిపెట్టిన ఎండ అది. కుర్చీలో కూర్చున్న మనిషి ఒళ్లోకి పడుతుందని లెక్క చూసి తెచ్చాడు. పడుకున్న మనిషి మొహం మీద పడుతుందని చూడలేదు. ఎన్ని మధ్యాహ్నాలు ఆమె అలా పడి ఉందో అతను లెక్కపెట్టుకోలేకపోయాడు. పిట్టల కోసం మదార్‌బీ జాగాలో పెట్టిన నీళ్ల గిన్నె మీది వెలుగు పైకప్పు మూలన వణుకుతూ కనిపించింది. ఆ మంచం మీంచి చూడటానికి ఇంకేమీ లేదు. జాలీ లేదు, వీధి లేదు, చెట్టు లేదు. తెల్లగా సున్నం కొట్టిన కప్పు ఒక్కటే.

ఆమె తిరిగొచ్చేలోగా కిటికీకి అడ్డంగా చెక్క పలకలు వాల్చి బిగించాడు. ఎండ మంచం మీదికి రాదు, కిందినుంచి వెలుగు మాత్రం వస్తుంది. కబ్సా అన్నం వడ్డించే పెద్ద స్టీలు పళ్లెం కొని, నీళ్లు నింపి సజ్జా నీడ దాటిన చోట పెట్టాడు. పైకప్పు నిండా వెలుగు అలలు లేచాయి. గాలికి రేగాకు నీడలు వాటిలో ఈదాయి.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక సాబేరా చాలాసేపు పైకే చూసింది. అట్ట కోసం కళ్లతో అడిగింది. ఎ, ట, ల. త, ల, స.

"ఎట్ల తెలిసె," అని కూడబలుక్కున్నాడు అతను. "నీ మంచంలో పనుకుంటి. ఎండ అని చెప్తే నాకు అర్థం కాలేదు సాబేరా."

ఆమె కళ్లు మూసుకుంది.  క్షమించిందో, అలిసిపోయిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఆ చలికాలం దాటకముందే ఒక ఉదయం ఊపిరి ఆగింది. అదేరోజు మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత మట్టి చేశారు. అక్కడి ఖబరస్తానులో సమాధుల మీద పేర్లు ఉండవు, ఆడవాళ్లు వెళ్లరు. దస్తగిరి తిరిగొచ్చేసరికి మదార్‌బీ ఖాళీ మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

"ఆడ నీడ ఏమన్నా ఉందా నాయనా?"

"లేదత్తా."

ఆమె తల ఊపి, కొంగు మొహాన కప్పుకుంది. వీసా గడువు ముగిశాక ప్రొద్దుటూరు వెళ్లిపోయింది.

దస్తగిరి ఆ రెండు గదుల్లో ఒక్కడే ఉన్నాడు. ఆఫీసులో అతని పని తీరు మారింది. ఇల్లు కట్టించుకుంటామని ఎవరొచ్చినా, "మీ ఇంట్లో ఎవరన్నా జబ్బు పడితే ఎక్కడ పడుకుంటారు?" అని అడిగేవాడు. జుబైల్ నుంచి వచ్చిన ఒక యువకుడికి కోపం వచ్చి, "మా అమ్మకు శాపం పెడుతున్నావా?" అని లేచి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న మానెయ్యమని మేనేజరు చెప్పాడు. దస్తగిరి మానలేదు. రెండోసారి, మూడోసారి అడగడం నేర్చుకున్నాడు. కొందరు మెత్తబడ్డారు. ఎక్కువమంది నిలువెత్తు అద్దాలే కావాలన్నారు.

తర్వాత అబూ నాసిర్ పోయాడు. కొడుకులకు తండ్రి మాట మీద గౌరవం ఉంది గానీ, ఆ పాత స్థలంలో అపార్టుమెంట్లు లేపాలని ఎప్పటినుంచో ఉంది. వాళ్లు మర్యాదగానే అడిగారు, కావలసినంత వ్యవధి ఇచ్చారు. కొత్త బిల్డింగు ప్లాను ఆ ఆఫీసుకే వచ్చింది, అతని బల్ల మీదికే వచ్చింది. నాలుగు అంతస్తులు. అతను కాదనకుండా గీశాడు. కింది అంతస్తులో ఫ్లాటుకు ఒక్క పడకగదికైనా పడుకున్న మనిషికి ఆకాశం కనబడే కిటికీ పెడదామని అడిగాడు. పార్కింగు తగ్గుతుందని వాళ్లు ఒప్పుకోలేదు.

సామాను సర్దుకుని సుక్బా పేటలో ఒక గదికి మారాడు. కూల్చే రోజు పొద్దున్నే వెళ్లి బకాలా కొట్టు ముందు నిలబడ్డాడు. యంత్రం మొదట జాలీ గోడను తోసింది. తర్వాత అడ్డుగోడ, ఆ తర్వాత పైకప్పు. దుమ్ము లేచి వీధంతా కమ్మింది. కొట్టు మలయాళీ లోపలికి రమ్మని పిలిచి టీ ఇచ్చాడు.

ఆ శుక్రవారం మదార్‌బీ ఫోన్ చేసింది.

"పడగొట్టేసినారా నాయనా?"

"ఆ, అయిపోయిందత్తా."

"నువ్వు పోయి చూడ్లేదు కదా? చూస్తే తట్టుకోలేవు."

"పోలేదత్తా. ఆఫీసులో పనుండె."

"మంచి పని చేసినావు," అంది ఆమె. తర్వాత చాలాసేపు ఇద్దరూ ఫోను పెట్టెయ్యలేదు.