బుచ్చవ్వ నాకు చెప్పని మాట

బుచ్చవ్వకూ నాకూ ముప్పై ఏళ్ల పొత్తు. సిద్దిపేటలో మా గల్లీ అరుగు మీద, ఒళ్లో చాటలు పెట్టుకుని, పక్కపక్కనే బీడీలు చేశాం. నావి బిగువుగా ఉంటాయి, ఆమెవి కాస్త వదులు. ఆమె మొగుడు బాలనర్సయ్య తాటిచెట్టు మీది నుంచి పడి నాలుగేళ్లు మంచంలో ఉన్నాడు. ఎత్తింది, కడిగింది, తినిపించింది. ఒక్కనాడు విసుక్కోలేదు. ఆయన పోయాక మాత్రం తిండి మానేసింది. కత్తెర పట్టుకుని ఆకు కత్తిరించడమే మరిచిపోయేది. ఏమైందంటే పలకదు. నాకు చెప్పనిది ఇంకెవరికి చెబుతుందిలే అనుకున్నాను.

బస్తీ దవాఖానకు ప్రతి బుధవారం రోజారాణి అనే పిల్ల వస్తుంది. ముసలివాళ్ల మనసులో దిగులు పోగొడుతుందట. నా మనవరాలి ఈడు. బుచ్చవ్వను నేనే తీసుకుపోయాను. నిద్ర పడుతుందా, ఆకలవుతుందా అని ఆ పిల్ల కాగితం చూసి ఒక్కొక్కటే అడిగింది. బుచ్చవ్వ నా మొహం చూసింది. జవాబులన్నీ నేనే చెప్పాను. దవాఖానలో వెంట వచ్చినవాళ్లే మాట్లాడడం మా దగ్గర పద్ధతి. ఆ పిల్ల మర్యాదగానే బయట కూర్చోమంది. నన్ను. పైగా తలుపు వేసింది.

పావుగంటకు బుచ్చవ్వ బయటికొచ్చింది. లోపల ఒక్క ముక్క మాట్లాడలేదట. తలుపేసిన గదిలో కూర్చుంటే పిచ్చిదంటారు, మళ్లీ పోను అంది. నాకు సంతోషమే అయింది, దాచడం ఎందుకు.

మరుసటి బుధవారం నేను కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వచ్చేసరికి ఆ పిల్ల మా అరుగు మీద, నా జాగలో కూర్చుని ఉంది. కాగితం లేదు. ఒళ్లో నా చాట. ఆకును ఎలకలు కొరికినట్టు కత్తిరిస్తోంది. బుచ్చవ్వ చేతులు బీడీ చుడుతున్నాయి, నోరు ఆగకుండా మాట్లాడుతోంది. నన్ను చూడగానే ఆపేసింది.

అట్లా నాలుగు వారాలు. బుచ్చవ్వ రెండు పూటలా తింటోంది. ఏం చెప్పిందని రోజారాణిని నిలదీస్తే, అది ఆమె మాట, నేను చెప్పకూడదు అవ్వా అంది. ఆకు కత్తిరించడం రానిదానికి బుచ్చవ్వ మనసు దొరికింది.

చివరికి బుచ్చవ్వనే అడిగాను.

"ముప్పై ఏండ్లు పక్కన కూసున్న. నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకు చెప్పినవు. నా తాన ఏం తక్కువైంది?"

ఆమె చేయి ఆపలేదు. "నీకు చెప్దామని నోరు తెరుస్తనక్కా. సగంల నువ్వే జవాబు చెప్తవు. గా పిల్ల ఊకుంటది."

నాలుక మీదికి నాలుగు మాటలొచ్చాయి. మింగాను. ఇంకో బీడీకి దారం చుట్టి ఆమే అంది.

"ఆయన పోయిననాడు నాకు ఏడుపు రాలేదక్కా. ఇగ నా నడుముకు సుఖమైందనుకున్న. గదే నన్ను తింటుంది."

నాలుగేళ్లు మోసినదానివి, నీకేం పాపమే అనబోయి ఆగాను. ఒక్కటి మాత్రం ఆపుకోలేకపోయాను.

"గిది గా పిల్లకు ఎన్నడు చెప్పినవు?"

"అరుగు మీద కూసున్న మొదటినాడే."

నా చాట ఒళ్లోకి లాక్కున్నాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. రెండోసారి చెబుతున్న మాటలని తెలిసి కూడా, నోరు మూసుకుని విన్నాను.