మాణిక్యమ్మ వేసిన వేషాలు, నేను వేసిన కుట్లు

మఖ్మల్ బట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకూడదు. పెడితే నూగు అణిగిపోయి ఒక మాడు వాసన లేస్తుంది. నలభై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్న నాకు ఈ సంగతి తెలియక కాదు. మొన్న సూర్యాపేటలో మా కొట్టుకు ఒకావిడ, బడి వార్షికోత్సవంలో కూతురు వేసుకోవలసిన రాజు కోటు పట్టుకుని వచ్చింది. ఆమె మాటల్లో పడి పెట్టె తీయడం మరిచాను. ఆ వాసన ముక్కుకు తగలగానే మాణిక్యమ్మ గుర్తొచ్చింది. కోటుకు ఏమీ కాలేదు కానీ ఆ పూటకు నా పని మాత్రం సాగలేదు.

మాణిక్యమ్మను చూడని వాళ్లకు ఆమెను గురించి చెప్పడం కష్టం. ఫొటోలు చూపిస్తే సరిపోదు, ఏ ఫొటోలోనూ ఆమె ఆమెలా ఉండదు. ఒకదాంట్లో రాణి, ఒకదాంట్లో మీసాల మంత్రి, ఇంకోదాంట్లో చేతిలో కమండలంతో ముని. పుట్టింది కోదాడ పక్కన చిలుకూరులో. ఎనిమిదేళ్లకే రాజకుమారుడి వేషం కట్టిందట. నేను ఎరిగేనాటికి ఆమెకు ముప్పై అయిదు దాటాయి. కోదాడలో, మిర్యాలగూడలో, సూర్యాపేటలో ఎవరు పద్యనాటకం ఆడినా రాణి మాత్రం ఆమే. మగ వేషాలు వేసేది ఆ చుట్టుపక్కల రైతులు, పంతుళ్లు, మిల్లు గుమాస్తాలు. వాళ్లకు అది సరదా. ఆడ వేషానికి మాత్రం బయటినుంచి ఆర్టిస్టును పిలవాలి. పిలిస్తే ట్రంకుపెట్టెతో బస్సు దిగేది. స్టేజీ మీద ఉన్నంతసేపు ఆమె నోట ఒక్క వాడుక మాట వచ్చేది కాదు. దిగగానే అచ్చం చిలుకూరు మాట.

ఎనభైల మొదట్లో నేను కోదాడలో మా ఇంటి అరుగు మీద మిషన్ వేసుకుని జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. నాకు ఇరవై రెండేళ్లు. ఒకనాడు పొద్దున్నే మాణిక్యమ్మ ఎర్ర మఖ్మల్ చుట్ట ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"మొగ టైలర్ల దగ్గరికి పోను చెల్లె. టేపు పెట్టేటప్పుడు నాటకపామె గదా అని వాళ్ల నోళ్లు ఊకోవు. రాణి జాకెట్టు నువ్వు కుడ్తవా?"

మఖ్మల్ నేను అంతవరకు ముట్టుకోలేదు. ఆ మాట చెప్పడానికి పౌరుషం అడ్డమొచ్చి కుడతానన్నాను. బట్ట కలిసొస్తుందని జాకెట్టుకు ఒక చేతిని నూగు పై నుంచి కిందికి పోయేటట్టు, రెండో చేతిని కింది నుంచి పైకి పోయేటట్టు కత్తిరించాను. ఇంట్లో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. నాటకం రోజు ఆడవాళ్ల వైపు ముందు వరుసలో కూర్చున్నాను. లైట్లు పడ్డాయి. రాణిగారి కుడి చెయ్యి ఎర్రగా, ఎడమ చెయ్యి వంకాయ రంగులో కనిపించాయి. ఆడుతున్నది ఏ నాటకమో కూడా నాకు తలకెక్కలేదు.

మర్నాడు ఆమె వచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడే ఉన్నాను. ఆమె జాకెట్టును ఎండలో పట్టి, చేతులను రెండు వైపులా తిప్పి చూపింది.

"మఖ్మల్‌కు గూడ మొకం ఉంటది. ఒక చెయ్యేమో మన దిక్కు సూస్తున్నది, ఇంకోటి మొకం తిప్పుకున్నది. సూసినవా?"

"మరి నిన్న ఎట్ల ఏసుకున్నవ్ అక్కా?"

"ఎడమ చెయ్యి ఎత్తకుంట పాడిన. రాణికి మస్తు దుఃఖమున్నదనుకున్నరు జనం." నవ్వి, నా పక్కనే చాప మీద కూర్చుంది. "వేషం బట్ట ఇంట్ల సూసుడు కాదు, లైట్ల కింద సూడాలె. ఇగ నుంచి నాతోని రా."

నాకు ముక్కు మీద కోపం. నా పనికి వంక పెడితే అత్తగారికి కూడా జవాబు చెప్పేదాన్ని. మాణిక్యమ్మ మాత్రం వంక పెట్టినట్టే ఉండేది కాదు, నాకు తెలియని పని ఒకటి నా చేతికి ఇచ్చినట్టు ఉండేది. ఆ తరువాత పదిహేనేళ్లు వీలైనప్పుడల్లా ఆమె పెట్టె పక్కన సూది దారంతో నేనూ వెళ్లాను.

ఆమె ఎన్ని పనులు చేయగలదో నాకు తెలిసింది సూర్యాపేట దగ్గర పెన్‌పహాడ్ అనే ఊళ్లో. రాజు వేషం కట్టిన పెద్దరైతుకు రెండో అంకం కల్లా గొంతు పోయింది. వేడినీళ్లు తాగించారు, మిరియాలు నమిలించారు, గాలి తప్ప మాట రాలేదు. రాణి అప్పటికే అడవుల పాలైంది, ఆఖరి అంకం దాకా ఆమెకు పని లేదు. "కోటు ఇటియ్యండి" అంది మాణిక్యమ్మ. పద్యాలన్నీ ఆమెకు వచ్చు. ఎవరి పద్యమైనా వచ్చు. ఆ రైతుది పెద్ద బొజ్జ, ఆ కోటులో ఇద్దరు మాణిక్యమ్మలు పడతారు. వీపు మీద మడతలు పట్టి గబగబా కుట్లు వేశాను. మీసం అంటించుకుని, గొంతు ఒక మెట్టు దించి, రాజసభలోకి నడిచి వెళ్లింది. ఆ నడక కూడా ఆమెది కాదు. ఆఖరి అంకంలో మళ్లీ రాణి కావాలి, అప్పటికి రాజును యుద్ధానికి పంపించేసి ఆ అంకాన్ని రాణి ఒక్కతే నడిపేటట్టు అక్కడికక్కడే మాటలు మార్చేసింది. నాటకం అయ్యాక ఒక ముసలామె మా దగ్గరికి వచ్చి, "రాజు మంచిగ పాడిండు బిడ్డా, గని ఆఖరికి పెండ్లాన్ని ఇడిసిపెట్టి ఎటుపోయిండు?" అని బాధపడింది. మాణిక్యమ్మ ఎంతో గంభీరంగా "వస్తడులే అవ్వా" అని చెప్పింది.

ఏళ్లు గడిచాయి. జాకెట్టు కుట్టేటప్పుడు ప్రక్క కుట్టు లోపల కొంత బట్ట వదులుతాం, ఒళ్లు చేస్తే ఒక కుట్టు విప్పుకోవచ్చని. మాణిక్యమ్మ ఏడాదికో కుట్టు విప్పించుకునేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. తొంభైల మొదట్లో ఒకరోజు విప్పబోతే లోపల ఇక బట్ట లేదు. ఆ మాట నేను చెప్పకముందే ఆమె నా మొహం చూసి గ్రహించింది. "ఐపోయిందా" అని మాత్రం అంది. చంకల కింద వేరే బట్ట అతికి సర్దాను. గొంతుకు మాత్రం ఏమీ కాలేదు. కానీ కుర్చీల్లో ముందు కూర్చునే వాళ్లు గొంతుతో పాటు నడుమూ చూస్తారు.

ఆ ఏడే మిర్యాలగూడ నాటక సమాజం మేనేజరు కోదాడ వచ్చాడు. రైస్ మిల్లులో గుమాస్తా, మంచివాడు. మా అరుగు మీదే మాణిక్యమ్మ ఎదుట కూర్చుని, టీ గ్లాసును చేతుల్లో తిప్పుతూ చాలాసేపు వానల గురించి మాట్లాడాడు.

"అక్కా, ఈసారి రాణికి కొత్త పిల్లను పిలుస్తున్నం. కృష్ణా జిల్లా పిల్ల, సుజాత అని. నువ్వు చెలికత్తె ఏస్తవా?"

నా మిషన్ ఆగిపోయింది. మాణిక్యమ్మ, "చెలికత్తెకు పద్యాలెన్ని?" అని అడిగింది.

"రెండే అక్కా."

"సరే, రెండు మంచిగ పాడ్త. ఆ పిల్లకు బట్టలున్నయా?"

"లేవు. కొత్తగ దిగింది."

"నా రాణి జాకెట్టు ఇస్త. యాదమ్మ చిన్నగ చేస్తది."

యాదమ్మ అంటే నేను. అతికిన ముక్కలు తీసేశాను, మేనేజరు పంపిన సుజాత కొలతల చీటీ చూసి రెండు ప్రక్కలా మూడేసి అంగుళాలు లోపలికి పట్టి కుట్టాను, కానీ ఆ మిగులు బట్టను కత్తిరించలేదు. మడిచి, మడతపై మడత వేసి, లైనింగు కింద దాచేశాను. ఎందుకైనా మంచిదని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ పిల్ల ఒక్క నాటకంతో వెనక్కి పోవాలని, ఆ జాకెట్టు మళ్లీ మాణిక్యమ్మ కోసం విప్పాలని నా కోరిక.

మిర్యాలగూడలో నాటకం రోజు సాయంత్రం సుజాతకు తొడిగాను. పంతొమ్మిదేళ్లుంటాయి, భయంతో చేతులు చల్లగా ఉన్నాయి. "చంకల దగ్గర బాగా బిగువుగా ఉందండీ" అంది. మఖ్మల్ అట్లాగే ఉంటుంది, వేసుకుంటే సర్దుకుంటుంది అని చెప్పి హుక్కులు పెట్టేశాను.

మొదటి రంగంలోనే రాణికి పెద్ద పద్యం. కుడి చెయ్యి పైకెత్తి, చివర రాగం తీయాలి. నేను తెర పక్కన నిలబడి ఉన్నాను. రెండు పాదాలు బాగానే వచ్చాయి. మూడో పాదంలో చెయ్యెత్తబోతే చెయ్యి సగంలో ఆగింది. ఊపిరి పీల్చబోతే ఛాతీ కదలలేదు. గొంతు పగిలింది. హార్మోనియం ఆయన అదే మెట్టు నొక్కి పట్టుకుని ఎదురుచూశాడు. ఎవరో ఈల వేశారు, జనం నవ్వారు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కానీ, ఆ రోజు నిజంగా మద్దెలే ఓడు. ఆ మద్దెలను అట్లా కుట్టింది నేను.

అప్పుడు వెనక వరుసల నుంచి ఒకాయన గట్టిగా అన్నాడు: "మాణిక్యమ్మా, నువ్వే అందుకో!" ఇంకో నలుగురు అదే మాట అందుకున్నారు. చెలికత్తె బట్టల్లో ఉన్న మాణిక్యమ్మ ఆ పిలుపు వచ్చిన వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. ఆమెకు పాడాలని ఉంది. పాడితే ఆ రాత్రి నుంచి మళ్లీ రాణి ఆమే, ఇది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పాడమని నేను మనసులో మొక్కుకున్నాను.

ఆమె సుజాత దగ్గరికి నడిచింది. "దేవీ, అలసితిరి. హారములు సవరించెదను" అంటూ వెనక్కి వెళ్లి, జడలోంచి పిన్ను తీసింది. ప్రక్క కుట్టులోకి పిన్ను దూర్చి చంక నుంచి నడుము దాకా లాగేసింది. రెండో వైపూ అంతే. జనానికి అది వినపడే చప్పుడు కాదు, నాకు మాత్రం ప్రతి కుట్టూ వినపడింది. పైట లాగి చిరుగును కప్పి, ఆ పిల్ల చెవిలో "ఇగ పాడు" అని పక్కకు తప్పుకుంది. సుజాత నిండుగా ఊపిరి పీల్చుకుని మూడో పాదం మళ్లీ ఎత్తుకుంది. నాలుగో పాదం చివర రాగం తీసిందీ, ఇక ఆపలేదు. జనం కంటే ముందు "భళా దేవీ!" అన్నది మాణిక్యమ్మే.

రంగం అయ్యాక మేకప్ గదిలో మాణిక్యమ్మ ఆ జాకెట్టు తిరగేసి నా ముందు పెట్టింది. లోపలి మడతలు బయటికి వేలాడుతున్నాయి.

"గిదేంది యాదమ్మా?"

"నువ్వు మల్ల ఏసుకుంటవని ఉంచిన అక్కా."

"నా మీద ప్రేమకు ఆ పిల్ల పీక పిసుకుతవా? జనం నవ్వింది పిల్లను సూసి కాదు, నీ కుట్టును సూసి. కత్తెర తియ్."

ఆ మిగులు బట్టను ఆమె ఎదుటే కత్తిరించాను. గీత వంకర పోయింది. నేను కుట్టి ఇచ్చేదాకా మాణిక్యమ్మ పక్కనే నిలబడి, తానే సుజాతకు తొడిగి, చెయ్యి ఎత్తించి చూసింది. తెల్లవారి మొదటి బస్సులో కోదాడ వస్తుంటే హుజూర్‌నగర్ దాటాక, మాణిక్యమ్మ కిటికీలోంచి చూస్తూనే అంది.

"నాకు మాత్రం మనసొప్పిందా? లోపల కుతకుత ఉడుకుతున్నది. గని అది ఆ పిల్ల మీద సూపిస్తె ఎట్ల? ఆ పిల్లేం చేసింది?"

నేను ఏడ్చాను. ఆమె కొంగుతో నా మొహం తుడిచింది, మెత్తగా ఏం కాదు, గిన్నె తుడిచినట్టు గట్టిగా.

రాణి వేషం పోయిందని ఆమె ఇంట్లో కూర్చోలేదు. మంత్రి వేసింది, ముని వేసింది, నవ్వించే వేషాలు వేసింది, హార్మోనియం ఆయన రాకపోతే హార్మోనియం వాయించింది. సుజాతకు కూర్చోబెట్టి పద్యాలు చెప్పింది. పిల్లల చదువు కోసం మేం సూర్యాపేటకు మారాక తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం మా కొట్టుకు వచ్చింది. చేతిలో ఏ మూటా లేదు.

"ఏం కుట్టాలె అక్కా?"

"ఏం లేదు. ముసలి తల్లి వేషం. తెల్ల చీర నా దగ్గర్నే ఉన్నది. ఊకనే వచ్చిన." సాయంత్రం దాకా నా మిషన్ పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టిపెట్టింది.

ఆ నాటకానికి నేను వెళ్లాను. తల్లికి పట్టుమని పది నిమిషాల పని లేదు, ఒకే ఒక పద్యం. అన్నేళ్లూ ఆమె స్టేజీ మీదికి రాగానే నా కళ్లు భుజాల మీదికీ చంకల మీదికీ పోయేవి, ఎక్కడ బిగిసిందో ఎక్కడ జారిందో అని. ఆ రోజు చూసుకోవడానికి నా కుట్టు ఏదీ లేదు. మొదటిసారి ఆమె ముఖం చూస్తూ పద్యమంతా విన్నాను. ఇంత గొప్ప మనిషి పక్కన కూర్చుని ఇన్నేళ్లు జాకెట్టు చూశానా అనిపించింది. ఆ తరువాత రెండేళ్లకు ఆమె పోయింది. సుజాత వచ్చి, చివరిదాకా ఉండి, పాదాల దగ్గర ఆ తల్లి పద్యమే పాడింది.

ఇప్పుడు నా కొట్టులో రెండో మిషన్ మీద స్వప్న అనే అమ్మాయి కుడుతుంది. పని నా దగ్గరే నేర్చుకుంది. నా కళ్లు మునుపటిలా లేవు. నిరుడు ఎన్నో ఏళ్లుగా నా దగ్గర కుట్టించుకునే ఒకామె వచ్చి, నా చేతిలో టేపు చూసి కూడా, "స్వప్న లేదా? ఆమెనే కత్తిరించమనండి" అంది. ఒళ్లంతా భగ్గుమంది. ఆ అమ్మాయి కత్తిరింపులో ఒక తప్పు దొరకాలని, సాయంత్రం అంతా ఆ జాకెట్టును అటూ ఇటూ తిప్పాను. మాణిక్యమ్మ ఉంటే ఏమనేదో నాకు తెలుసు కాబట్టి తిప్పడం ఆపి, నా కత్తెర, కత్తిరించే బల్ల స్వప్నకు ఇచ్చి, నేను హుక్కులు కుట్టే పీట మీదికి మారాను. ఆ జాకెట్టు ఆమెకు చక్కగా కుదిరింది. బాగా కుట్టావని ఆ పిల్లకు చెప్పాను, కానీ ఆ ఒక్క మాట పైకి రావడానికి నాకు రెండు రోజులు పట్టింది. మాణిక్యమ్మ మాత్రం ఆ రోజు సుజాతను భళా అనడానికి జనం చప్పట్లు మొదలయ్యేదాకా కూడా ఆగలేదు.