విమానం చప్పుడూ, ఒక నిమిషం మౌనమూ

ఈ రోజు జనగామలో మా పంతుళ్ల వంటావార్పు. తెలంగాణ కోసం చేస్తున్న సమ్మెతో బస్సులూ రైళ్లూ లేవు కాబట్టి హైదరాబాద్ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టాం. అన్నం ఉడుకుతుండగా చేతిలో చప్పుడు కొలిచే చిన్న మీటరుతో ఒకాయన వచ్చాడు. విమానాల చప్పుడు మనుషుల మీద ఎలా పనిచేస్తుందో ప్రభుత్వం పరిశోధిస్తోందట.

"సమ్మెల గూడ నౌకరి చేస్తున్నవా సారూ?" అని మా రాజన్న అడిగితే, "నాది సెంట్రల్ గవర్నమెంటండీ" అన్నాడు, తప్పు చేసినవాడిలా. నేను మీటరులోకి తొంగి చూశాను. మేం మాట్లాడితే చాలు, అంకెలు పెరుగుతున్నాయి.

ఇంతలో దూరంగా విమానం వినబడింది. ఆయన గబగబా లేచి, "దయచేసి ఒక్క నిమిషం మౌనం పాటించండి" అన్నాడు. మా సభల్లో ఆ మాట అమరవీరుల కోసమే అంటారు. గరిటెలు కింద పెట్టి అందరం లేచి తలలు వంచుకుని నిలబడ్డాం. విమానం మా నెత్తి మీదుగానే పోయింది. ఆయన కాసేపు తికమకపడి, మీటరు పట్టుకునే తనూ తల వంచాడు.

మౌనం అయ్యాక, తన పక్కనే నిలబడ్డ, మాకు వంటలో సాయానికి వచ్చిన రఘునాథపల్లి మల్లవ్వను మెల్లగా అడిగాడు: "అవ్వా, ఇప్పుడు పోయిన విమానం చప్పుడు నీకు ఇబ్బందిగా అనిపించిందా?"

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏ ఇమానం బిడ్డా? తెలంగాణ కోసం పానమిచ్చిన నా మనుమడే కండ్ల ముంగట నిలవడ్డడు."

ఆయన పెన్ను మూత పెట్టి, పళ్లెం అందుకున్నాడు. మీటరుకైతే ఆ విమానం బాగానే వినబడింది. ఆయన స్థానంలో మీరుంటే అవ్వ జవాబు ఏమని రాసేవారు?