బంపర్ వెనక దాచినది

మా చర్చిలో నాకు మంచి పేరుంది. సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతాను, స్త్రీల సమాజంలో ప్రార్థన చెయ్యమంటే కాదనను, చీర కుచ్చిళ్లు చెదరకుండా కూర్చుంటాను. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదన్న ఒక్క లోటు తప్ప నా గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ దొరకదు. ఆ ఒక్కదానితోనే వాళ్లు చాలా ఏళ్లుగా సరిపెట్టుకుంటున్నారు. ఇంకోటి చేతికివ్వడం నాకిష్టం లేదు. అందుకే కారుకు కొత్త ఇంటర్‌కూలర్ పెట్టించాలని మనసు పడ్డప్పుడు, ఎంత పెద్దది, ఎంత మంచిది అని ఆలోచించలేదు. ఎవరి కంటా పడకుండా ఎక్కడ పెట్టాలి అన్నదే నా మొదటి ప్రశ్న.

కారు తెల్లది, చిన్నది. చూస్తే స్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ కారే అనిపిస్తుంది, అది నిజం కూడా. లోపల మాత్రం టర్బో ఇంజను. టర్బో అంటే ఇంజన్లోకి గాలిని బలంగా కుక్కే చిన్న పంకా. కుక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది, పలచని గాలితో ఇంజనుకు ఊపు రాదు. దాన్ని దారిలో చల్లబరిచి లోపలికి పంపే అల్యూమినియం పెట్టె ఇంటర్‌కూలర్. కారుతో పాటు వచ్చినది నా చేతి సంచంత ఉంటుంది. భిలాయి ఎండలు మొదలయ్యాయంటే చాలు, కారు పెళ్లి భోజనం చేసిన మనిషిలా మగతగా కదిలేది.

అయితే ఏం, బడికీ చర్చికీ తిరిగే కారుకు ఊపెందుకు అని అడగొచ్చు. ఆదివారం తెల్లారగానే పాల ప్యాకెట్లు తెస్తానని నాన్నకు చెప్పి బయలుదేరతాను. ఊరు దాటాక ఖాళీ రోడ్డు ఒకటుంది. అక్కడ పెడల్ తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది, నోట్లోంచి నవ్వు దానంతటదే వస్తుంది. తర్వాత పాలు కొనుక్కుని ఇంటికొచ్చి, చీర కట్టుకుని, పిల్లలకు వాక్యం చెబుతాను. ఇది రాస్తుంటేనే సిగ్గుగా ఉంది, ఇక ఎవరికైనా చెప్పడం కూడానా.

భిలాయిలోనే కోహ్కా పేటలో గ్యారేజీ ఉన్న మెకానిక్‌కు మాత్రం చెప్పక తప్పలేదు. నా ఈడు వాడే. తల్లిదండ్రులు విజయనగరం నుంచి వచ్చినా అతను పుట్టింది ఇక్కడే, హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడతాడు. ఇంజను నెత్తి మీదే పెట్టొచ్చు, కాని గాలి తగలడానికి బానెట్‌కు కన్నం పెట్టాలి అన్నాడు. బానెట్‌కు కన్నమున్న కారులోంచి బైబిలు పట్టుకుని దిగడం ఊహించుకుని వద్దన్నాను. ముందు వైపు పెద్దది పెట్టి, బంపర్ కోసి వదిలేస్తే తళతళలాడుతుంది, కుర్రాళ్లంతా అలాగే చేయించుకుంటారు అన్నాడు. నేను కుర్రాణ్ని కాదన్నాను. ఇక మిగిలింది బంపర్ వెనక దాచడం.

"దీదీ, బయటికి పెడితే హవా బాగా తగుల్తాది, ఠండాగ ఉంటాది. ఛుపాయించి పెడితే హవా తక్కువ. మీకేటి కావాల, పవరా, ఇజ్జతా?"

"ఇజ్జతే, పరువే," అన్నాను, క్షణం కూడా ఆలోచించకుండా.

అతను నవ్వలేదు. సన్నని పెట్టె ఎంచాడు, బంపర్ వెనక ఇనుప పట్టీ కిందుగా బిగించాడు, పైపులు కూడా కనబడకుండా లోపలి నుంచే తిప్పాడు. దాని మీద వెలుతురు పడి మెరవకుండా పల్చగా నల్లరంగు కొట్టాడు. నంబరు ప్లేటు కింద ఉన్న జాలీ ఒక్కటే ఇప్పుడు దానికి గాలి దారి, వెనకున్న రేడియేటర్‌కు కూడా గాలి దాని గుండానే పోవాలి. "దాని ముక్కు అదొక్కటే దీదీ. ఏటైనా సెయ్యండి గాని దాన్ని బంద్ సెయ్యకండి," అన్నాడు. నేను కారు చుట్టూ తిరిగాను, వంగి చూశాను, దూరం వెళ్లి చూశాను, జాకెట్టు లోపలి పట్టీ కనబడుతోందేమోనని అద్దంలో చూసుకున్నట్టు. ఏమీ కనబడలేదు. అంత సంతోషం నాకు ఆ కారు కొన్నప్పుడు కూడా కలగలేదు.

ఇంట్లో నేనూ నాన్నా ఉంటాం, భిలాయిలోనే మరోదా కాలనీలో. నాన్న స్టీలు ప్లాంటులో, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు స్టవ్‌ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. వంటింటి స్టవ్ కాదు, మేడల కన్నా ఎత్తయిన గోపురాలవి. గాలిని లోపల కాల్చి కాల్చి ఫర్నేసులోకి ఊదుతాయి. శ్రీకాకుళం వదిలి ఎన్నేళ్లయినా ఆయన మాట మారలేదు. మా చర్చి సంఘానికి పెద్ద. అబద్ధం ఆడడు. కూర బాగోలేకపోతే వండినవాళ్ల ముఖం మీదే బాగోలేదంటాడు కాబట్టి, మా చుట్టాల్లో ఎవరూ ఆయన్ని కూర ఎలా ఉందని అడగరు.

మే నెలలో మా అక్క కూతురి పెళ్లయింది. అక్క వాళ్లది కోహ్కా. తెల్లకారు, అందులోనూ ఇంట్లో మనిషిది, కాబట్టి పెళ్లికూతుర్ని చర్చికి తీసుకెళ్లేది నా కారేనని ఎవరూ అడక్కుండానే తేలిపోయింది. చీర మార్చుకోవడానికి నేను లోపలికి వెళ్లాను. బయటికొచ్చేసరికి ఆడపిల్లలంతా కలిసి కారును సింగారించేశారు. బానెట్ మీద పూలగుత్తి, అద్దాలకు తెల్ల రిబ్బన్లు. ముందు కింద వైపు, నంబరు ప్లేటు కింద, మెరుపులద్దిన థర్మాకోల్ పలక. దాని మీద పెళ్లికూతురు పేరు, పెళ్లికొడుకు పేరు, మధ్యలో ఎర్ర గుండెకాయ. పలక కదలకుండా వలగుడ్డతో చుట్టూ కట్టి, ఖాళీల్లో చామంతులు కుక్కారు.

"నల్లగా నోరు తెరుసుకున్నట్టుంది పిన్నీ. ఫోటోలో బాగోదని మూసేసినాం," అన్నారు పిల్లలు, ఎంతో ముచ్చటగా.

తీసెయ్యండమ్మా, దాని వెనక ఒకటుంది అనాలి. ఏటుంది పిన్నీ అంటారు. అక్కడ బంధువులంతా ఉన్నారు, స్త్రీల సమాజం వాళ్లు సగం మంది ఉన్నారు. "చాలా బాగుంది," అన్నాను. చర్చి ఎంత దూరమని, పది నిమిషాల్లో వెళ్లిపోతాం కదా అని నాకు నేనే చెప్పుకుని తాళం తిప్పాను.

ధుమాల్ డప్పుల సంగతి నాకు తెలియదు. పెళ్లికూతురి అన్నదమ్ములు దుర్గ్ నుంచి పిలిపించారట. ఛత్తీస్‌గఢ్‌లో పెళ్లంటే ఆ డప్పులు ఉండాలి, హిందువులైనా, మేమైనా. డప్పులవాళ్లు కారు ముందు నడుస్తారు, వాళ్ల ముందు కుర్రాళ్లు ఆడతారు, వాళ్ల వెనక కారు అంగుళం అంగుళం పాకాలి. ఎండ నెత్తిన ఉంది. పక్క సీట్లో నాన్న, వెనక పెళ్లికూతురు, అక్క. ఏసీ నిండుగా పెట్టాను. కాసేపటికి వేడి చూపించే ముల్లు లేవడం మొదలైంది. హారన్ కొడితే కుర్రాళ్లు ఇంకా ఉత్సాహంగా ఆడారు. ఏసీ కట్టేశాను.

"పిన్నీ, గాలి రావట్లేదు," అంది పెళ్లికూతురు. అద్దంలో చూస్తే పిల్ల ముఖం మీద పౌడరు చారలు కట్టి ఉంది. అక్క విసనకర్ర కోసం వెతుకుతోంది. నాకు ఏడుపొచ్చింది.

చర్చి గేటు కనిపిస్తోందనగా ఎర్ర దీపం వెలిగింది. ఇంకో గజం నడిపితే ఇంజను పోతుంది. ఆపేశాను. ఏమైందో తెలియక డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. గేటు దగ్గర ఎదురుచూస్తున్న మగపెళ్లివారు గబగబా వచ్చారు. వాళ్లలో పెళ్లికొడుకు పెదనాన్న నోరున్న మనిషి, కార్ల గురించి నాలుగు ముక్కలు తెలిసినవాడు. ముందుకు వంగి చూసి, వలగుడ్డ పీకి, థర్మాకోల్ పలక విరిచి తీసేశాడు. పెళ్లికూతురి పేరు ఒక ముక్క మీద, పెళ్లికొడుకు పేరు ఇంకో ముక్క మీద వచ్చాయి. జాలీలోకి ఫోను లైటు కొట్టి చూశాడు.

"ఒరే, ఇది కంపెనీది కాదురా! రేసులాడీ కుర్రోళ్లు పెట్టించుకుంటారు దీన్ని. నల్లరంగేసి దాసినారు కూడాను. ఎవరిదమ్మా ఈ షోకు?"

అందరూ నవ్వారు. నవ్వి, నా వైపు చూశారు. గేటు దగ్గర నా సండే స్కూలు పిల్లలు పూల బుట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు, వాళ్లూ చూశారు. నేను తల దించుకుని నా కుచ్చిళ్లు చూసుకున్నాను. ఎండకు కాదు, సిగ్గుకు చెవులు కాలిపోతున్నాయి. పక్కన తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"నాదే," అన్నాడు నాన్న, దిగి నిలబడి. "నానే పెట్టించినాను. ఏటి, పెట్టించుకోకూడదా? బతుకంతా గాలితో పని సేసినోడిని, నాకు మాత్రం సరదా ఉండదేటి?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. "ముసిలాయనకి ఈ వయసులో రేసులటరా!" అని ఎవరో ఈల వేశారు. నాన్న కూడా నవ్వాడు. గొడుగు పట్టి మనవరాల్ని దింపి, విరిగిన పలక మీద కాలు పడకుండా పక్కకు తీసుకెళ్లి, చర్చి దాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. నేను కారు దగ్గరే ఉండిపోయాను. నోరు తెరిచి ఒక్క మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క మాట నా నోట రాలేదు.

మర్నాడు టీ తాగుతూ అడిగాను, ఎందుకలా చెప్పావని.

"నువ్వు తల దించుకున్నావు కదే. సూడలేకపోయినాను," అన్నాడు. తర్వాత కాస్త ముందుకు వంగి, "ఇంతకీ ఏటది?" అని అడిగాడు.

చెప్పాను. గాలిని చల్లార్చి పంపుతుందని వినగానే టీ పొలమారేదాకా నవ్వాడు. "మేమందరం కలిసి గాలిని కాల్చీవోళ్లం. నువ్వు సల్లార్చడానికి పెట్టించినావా? బాగుంది సంబడం!" నవ్వడం అయ్యాక, "దాసినావెందుకే?" అన్నాడు.

"నవ్వుతారని."

"నవ్వితే ఏటవుతాది?"

తీయించేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "తీయించీకు. నాది అని సెప్పినాను కదా. అదుంటేనే నా మాటకి కొంతైనా నిలకడ," అన్నాడు. హాస్యానికి అన్నాడేమో అనుకున్నాను.

కాదని జూన్ మొదటి ఆదివారం తెలిసింది. మాకు ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, క్రీస్తు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. సంఘ పెద్దగా రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య తిరిగేది నాన్నే, నా చిన్నప్పటి నుంచీ. ఆ రోజు మోకాళ్లు నొప్పని చెప్పి పళ్లెం ఇంకొకరికిచ్చి నా పక్కన కూర్చున్నాడు. పళ్లెం ఆయన దగ్గరికొచ్చింది. రొట్టె తీసుకోలేదు, నాకందించాడు. నేను తీసుకున్నాను. తీసుకోకపోతే జనం చూస్తారని తీసుకున్నాను. అది నోట్లో కరగడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చాక గొడవపడ్డాను. మోకాళ్ల నొప్పేమిటి, రొట్టె ఎందుకు తీసుకోలేదు అని. "మోకాళ్లు నిజంగానే నొప్పే," అన్నాడు ముందు. వదల్లేదు నేను. "అబద్ధమాడినోడిని. ఒప్పుకోకుండా ఎలా ముట్టుకుంటాను?" అన్నాడు చివరికి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"అయితే పాస్టరు గారి దగ్గర ఒప్పుకో నాన్నా."

"ఒప్పుకుంటే నిన్ను సూపించినట్టే కదే." అంతటితో ఆ మాట ఆపేసి, అన్నం పెట్టమన్నాడు.

అంటే ఏం చెయ్యాలో నాకు అర్థమైంది. చెయ్యాల్సింది ఆయన కాదు, నేను. మెకానిక్‌కు చెప్పిన దాన్ని పెళ్లికొడుకు పెదనాన్నకు చెప్పలేనా? మనిషిని హత్య చేశానని కాదుగా, కారుకు పెట్టె పెట్టించానని. వంట చేస్తూ ఆ మాటే పైకి పదేపదే అనుకున్నాను. ఆదివారాలు పాలకు నడిచే వెళ్లాను. వర్షాలు మొదలయ్యాయి. జూలై మొదటి ఆదివారం వచ్చింది. పళ్లెం వచ్చింది. నాన్న మళ్లీ ముట్టుకోకుండా నాకందించాడు, నేను మళ్లీ తీసుకున్నాను.

ఆరాధన అయ్యాక అందరం వసారాలో వాన తగ్గాలని చూస్తున్నాం. పెళ్లికొడుకు పెదనాన్న ఆ రోజు మా చర్చికే వచ్చాడు. నాన్నను చూడగానే వీపు మీద చరిచి, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా, "ఏటి మావా, నీ రేసు బండి ఎలాగుంది? ఏటేటి పెట్టించినావో సెప్పు మరి!" అన్నాడు. జనం మూగారు. ఇదే సమయం. ఒక్క అడుగు ముందుకేసి, అది నాది అంటే చాలు.

"పెట్టించినాను బాబూ, అదేటి, గాలిని సల్లార్చీది," అని మొదలుపెట్టిన నాన్న ఆ పేరు దగ్గర ఆగిపోయాడు. వెతుక్కున్నాడు. దొరకలేదు. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

"ఇంటర్‌కూలర్," అన్నాను, ఆయనకు మాత్రమే వినపడేంత నెమ్మదిగా.

"ఆఁ, ఇంటర్‌కూలరు!" అన్నాడు నాన్న గట్టిగా. "నానే పెట్టించినాను!" వసారా అంతా నవ్వింది.

వాన తగ్గాక కారెక్కాం. నాన్న సీటు బెల్టు పెట్టుకుంటూ, "టయానికి మాట బాగా అందించినావే అమ్మీ," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే సంతోషించి అన్నాడు. నేను కారు స్టార్ట్ చేసి, మరోదా దాకా రెండో గేరు దాటకుండా నడిపాను.